ఆత్మహత్యానంతర దుఃఖం, తోటివారి ఆసరా

ఆత్మహత్య వల్ల మనిషిని పోగొట్టుకున్నవారి శోకం మిగతా శోకాల కంటే ఎందుకు బరువైనది, అందులోంచి తేరుకోవడానికి బంధువులు, ఇరుగుపొరుగు, అదే కష్టం చూసినవారు, సంస్థలు, ప్రభుత్వాలు ఎలా తోడ్పడతాయి అన్నది ఈ వ్యాస విషయం. ఈ తోడ్పాటుకు మానసిక ఆరోగ్య రంగంలో పోస్ట్‌వెన్షన్ అని పేరు. 1958లో లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రాన్ని నెలకొల్పిన ముగ్గురిలో ఒకరైన మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ ష్నైడ్‌మన్ ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. మిగిలినవారిని ఆదుకోవడమంటే రేపటి ఆత్మహత్యల్ని నివారించడమేనని ఆయన వాదించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 7,27,000 మంది ఆత్మహత్యతో మరణించారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022లో భారతదేశంలో ఇలాంటి మరణాలు 1,70,924. ఒక్కో మరణం వెనక కనీసం ఆరుగురు తీవ్రంగా దెబ్బతింటారని ష్నైడ్‌మన్ కాలంలో అనుకునేవారు. ఆ పాత లెక్కనే తీసుకున్నా మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఈ దుఃఖంలోకి కొత్తగా వచ్చి చేరుతున్నారు. నిజానికి ఆ లెక్క చాలా తక్కువ. అమెరికాలో జూలీ సెరెల్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం ఒక్కో ఆత్మహత్య సగటున 135 మంది పరిచయస్తుల్ని తాకుతుందని అంచనా వేసింది. అందరూ ఒకేలా కుంగిపోరు. కొందరికి అది ఒక వార్త, కొందరికి కొన్ని నెలల బాధ, కొందరికి జీవితకాలపు శోకం. ఎవరు ఏ వరసలో ఉన్నారో చుట్టరికాన్ని బట్టి చెప్పలేం. హాస్టల్లో పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడు, పోయినవాడి సొంత అన్న కంటే ఎక్కువ దెబ్బతినవచ్చు. అతన్ని పలకరించాలన్న ఆలోచన మాత్రం సాధారణంగా ఎవరికీ రాదు.

ఈ శోకం తీరు

ఏ చావైనా దుఃఖమే. ఆత్మహత్య తర్వాత దుఃఖంతో పాటు ఒక ప్రశ్న ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది: ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఒక్క మనిషీ ఇప్పుడు లేరు. దాంతో ఇంట్లోవాళ్లు చివరి రోజుల్ని పదేపదే తవ్వుకుంటారు. ఆ రోజు ఫోన్ ఎత్తి ఉంటే, ఆ మాట అనకపోయి ఉంటే, ఊరికి వెళ్లకుండా ఆగిపోయి ఉంటే అని ఎవరికి వారు తమ మీదే కేసు నడుపుకుంటారు. అప్పుడు మామూలుగా కనిపించిన మాట, మౌనం, నవ్వు జరిగినదంతా తెలిశాక సూచనల్లా తోస్తాయి. ఆ రోజు వాళ్లకు ఇవాళ తెలిసినదేదీ తెలియదన్న సంగతి ఒకరు పక్కన కూర్చుని గుర్తు చేస్తే తప్ప గుర్తు రాదు.

అపరాధ భావంతో పాటు కోపం ఉంటుంది. మమ్మల్ని ఇలా వదిలేసి ఎలా వెళ్లగలిగాడన్న కోపం, ఆ వెంటనే పోయినవాడి మీద కోపం తెచ్చుకున్నందుకు సిగ్గు. దీర్ఘకాలం తీవ్రమైన మానసిక వ్యాధితోనో తాగుడుతోనో ఇల్లు నలిగిపోయి ఉంటే ఒక మూల ఊరట కూడా ఉండొచ్చు. ఆ ఊరటను పైకి చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయేవారున్నారు. మృతదేహాన్ని మొదట చూసినవారికి ఆ దృశ్యం నిద్రలోనూ మెలకువలోనూ వెంటాడుతుంది. అది శోకం మాత్రమే అనుకోకూడదు, దానికి వేరే చికిత్స అవసరం కావచ్చు.

బ్రిటన్‌లో అలెగ్జాండ్రా పిట్‌మన్ బృందం ఆకస్మిక మరణాల వల్ల ఆప్తులను కోల్పోయిన 3,432 మంది యువతీ యువకులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. ఆకస్మిక సహజ మరణాల వల్ల ఆప్తులను పోగొట్టుకున్నవారితో పోలిస్తే, ఆత్మహత్య వల్ల పోగొట్టుకున్నవారు తామూ ఆత్మహత్యకు ప్రయత్నించే అవకాశం 65 శాతం ఎక్కువ. రక్తసంబంధీకుల్లోనూ, రక్తసంబంధం లేని స్నేహితుల్లోనూ ఇదే తేలింది. కాబట్టి దీన్ని వంశపారంపర్యం అని కొట్టిపారేయడానికి లేదు. తమను నలుగురూ వేరుగా చూస్తున్నారన్న భావన ఈ ప్రమాదంలో పెద్ద పాలు పంచుకుంటోందని కూడా ఆ అధ్యయనం సూచించింది. ఈ వ్యాసానికి ఇదే కీలకం. చుట్టూ ఉన్నవారి తీరు ఒక మనిషి బతకడం, బతకలేకపోవడం మీద ప్రభావం చూపుతుంది.

దుఃఖం ఎంతకాలానికి తగ్గాలన్న దానికి గడువు లేదు. అయినా రోజువారీ జీవితం పూర్తిగా స్తంభించి నెలలు గడిచినా కదలకపోతే దాన్ని వైద్యులు దీర్ఘకాలిక శోక రుగ్మతగా గుర్తిస్తారు. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు దీనికి కనీసం 6 నెలలు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రోగనిర్ధారణ గ్రంథం 2022 నాటి కూర్పు పెద్దలకు 12 నెలలు గడువుగా పెట్టుకున్నాయి. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులను అమెరికాలో విలియం ఫైగెల్‌మన్, ఆయన సహచరులు పరిశీలించినప్పుడు, చాలామందికి మూడేళ్ల నుంచి ఐదేళ్ల మధ్య బరువు కాస్త తగ్గడం మొదలైనట్టు కనిపించింది. పెద్దకర్మ అయిపోగానే మామూలుగా ఉండమని చెప్పేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

వెలి

శతాబ్దాల పాటు సమాజం ఈ మరణాన్ని పాపంగా, నేరంగా చూసింది. ఆ శిక్ష పోయినవారికి తగల్లేదు, మిగిలినవారికే తగిలింది. ఇంగ్లండ్‌లో ఇలా మరణించినవారిని నాలుగు దారుల కూడలిలో పాతిపెట్టే ఆనవాయితీని ఆపడానికి 1823లో చట్టం చేయవలసి వచ్చింది. ఆత్మహత్యా ప్రయత్నం అక్కడ 1961 దాకా నేరమే. క్యాథలిక్ చర్చి 1917 నాటి నియమావళి ఇలాంటివారికి చర్చిలో అంత్యక్రియలను నిరాకరించింది. 1983 నాటి కొత్త నియమావళిలో ఆ నిరాకరణ లేదు. మన ధర్మశాస్త్రాల్లోనూ బలవన్మరణం పొందినవారికి మామూలు కర్మకాండ కూడదన్న విధులున్నాయి. దుర్మరణాలకు నారాయణబలి వంటి ప్రత్యేక క్రియలు చేయించే అలవాటు అక్కడి నుంచే వచ్చింది. ఆ క్రియ కొన్ని కుటుంబాలకు నిజంగా మనశ్శాంతినిస్తుంది. అది చేయించకపోతే మీవాడు గాలిలో తిరుగుతుంటాడని భయపెట్టడం మాత్రం క్రూరత్వం.

చట్టం మన దగ్గర కాస్త ఆలస్యంగా మెత్తబడింది. మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 2017, సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. శిక్షించకూడదు, చికిత్స, పునరావాసం అందించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నానికి శిక్ష విధించే పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్‌కు చోటు దొరకలేదు. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణను అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో చేసే ప్రయత్నాన్ని మాత్రం నేరంగా ఉంచారు. చట్టం మారినంత తొందరగా ఊరి నోరు మారలేదు.

మరణం తర్వాతి మొదటి రోజు ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. మామూలు చావైతే ఏడ్వడానికి సమయం ఉంటుంది. ఇక్కడ ముందు పోలీసులు వస్తారు. అసహజ మరణం కాబట్టి భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం విచారణ తప్పదు. పెద్దమనుషుల సమక్షంలో శవ పంచనామా, తర్వాత ప్రభుత్వాసుపత్రి మార్చురీలో పోస్ట్‌మార్టం. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ మరణిస్తే తహసీల్దారు వచ్చి పంచనామా చేస్తారు. ఈ విచారణకు గట్టి కారణమే ఉంది, అనేకమంది ఆడపిల్లల చావుల వెనక నిజం బయటపడింది ఇలాంటి విచారణల వల్లే. కానీ కొడుకు శవం పక్కన కూర్చున్న తల్లిని, నిన్న రాత్రి ఇంట్లో గొడవేమైనా జరిగిందా అని వాకిట్లో పదిమంది ముందు అడిగే తీరు మారవచ్చు. మార్చురీ గేటు దగ్గర గంటల తరబడి నిలబడ్డవారికి ఒక కుర్చీ, మంచినీళ్లు, ఎప్పటికి అప్పగిస్తారో చెప్పే ఒక మనిషి ఉండొచ్చు. ఆదుకోవడం అక్కడి నుంచే మొదలుకావాలి.

ఆ తర్వాత గుసగుసలు. ఏమైందట అన్న ప్రశ్న గడప దాటి లోపలికి వస్తుంది. భార్య మిగిలితే భార్యదే తప్పు, పిల్ల పోతే తల్లి పెంపకానిదే తప్పు. ఆ ఇంటి పిల్లనెవరు చేసుకుంటారన్న మాట చెల్లెళ్ల చెవిన పడుతుంది. ఈ భయంతోనే చాలా ఇళ్లలో గుండెపోటు అని చెప్పేస్తారు. అబద్ధం చెప్పడం వల్ల పరువు దక్కుతుందేమో గానీ, నిజం చెప్పి ఏడ్చే అవకాశం శాశ్వతంగా పోతుంది. అన్నదమ్ములు ఒకరితో ఒకరు కూడా ఆ మాట ఎత్తకుండా ఏళ్లు గడిపే కుటుంబాలున్నాయి. పత్రికలు, టీవీలు దీనికి ఆజ్యం పోస్తాయి. మృతుల ఫొటోలు, రాసిన ఉత్తరాలు, జరిగిన విధానం ప్రచురించవద్దని భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలిచ్చింది. వాటిని రోజూ ఉల్లంఘించే వార్తలు మనం చూస్తూనే ఉన్నాం. ఆ వార్తను మిగిలిన ఇంటివాళ్లు కూడా చదువుతారన్న స్పృహ ఆ రాతల్లో ఉండదు.

తోటివారి బృందాలు

ఒకే కష్టం పడినవారు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం వల్ల మేలు జరుగుతుందన్న ఎరుక, బిడ్డల్ని కోల్పోయినవారి విషయంలో ఒక ఆసుపత్రిలో బలపడింది. 1968లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఒకే ఆసుపత్రిలో కొద్దిరోజుల తేడాతో ఇద్దరు పిల్లలు మరణించారు. ఆసుపత్రి మతాచార్యుడు సైమన్ స్టీఫెన్స్ తన ఓదార్పు కంటే ఆ రెండు కుటుంబాలు ఒకరికొకరు ఇచ్చుకున్న ఓదార్పు బాగా పనిచేయడం గమనించారు. 1969లో ది కంపాషనేట్ ఫ్రెండ్స్ అనే సంస్థ అలా మొదలై అనేక దేశాలకు పాకింది. అది ఏ కారణంతోనైనా బిడ్డల్ని కోల్పోయినవారిది.

ఆత్మహత్య విషయంలో ప్రత్యేక బృందాలు 1970ల చివర, 1980లలో వచ్చాయి. అట్లాంటాకు చెందిన ఐరిస్ బోల్టన్ స్వయంగా కౌన్సెలింగ్ కేంద్రం నడుపుతుండగా 1977లో కొడుకును పోగొట్టుకున్నారు. ఆ అనుభవంతో పుస్తకం రాసి, తోటి తల్లిదండ్రుల బృందాలను పెంచారు. లాస్ ఏంజెలెస్‌లో ష్నైడ్‌మన్ సహచరుడు నార్మన్ ఫార్బెరో 1981లో ఎనిమిది వారాల కార్యక్రమం ప్రారంభించారు. దాన్ని ఒక నిపుణుడు, ఇదే దుఃఖం దాటివచ్చి శిక్షణ పొందిన మరొకరు కలిసి నడిపేవారు. బ్రిటన్‌లో 1991లో ఆత్మహత్య బాధిత కుటుంబాల సొంత సంస్థ ఏర్పడింది. అమెరికన్ సెనేటర్ హ్యారీ రీడ్ తండ్రి 1972లో ఆత్మహత్యతో మరణించారు. ఆ విషయం ఎన్నో ఏళ్లు బయట మాట్లాడని ఆయన, చివరికి చట్టసభలోనే చెప్పి, 1999లో సెనేట్ చేత ఏటా ఒక రోజును మిగిలినవారి కోసం కేటాయింపజేశారు. నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం దీన్ని ఇప్పుడు అనేక దేశాల్లో పాటిస్తున్నారు.

ఇలాంటి బృందం ఎలా నడుస్తుంది? దేశమేదైనా పద్ధతి దాదాపు ఒకటే. గుడి వసారా, చర్చి హాలు, గ్రంథాలయంలో ఒక గది, లేకపోతే ఎవరి ఇల్లో. కుర్చీలు గుండ్రంగా వేస్తారు, అందరి ముఖాలు అందరికీ కనబడేలా. ఎనిమిది నుంచి పదిహేను మంది. నడిపేవారు ముందుగా నియమాలు చెబుతారు: ఇక్కడి మాట ఇక్కడే ఉండాలి, ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు, ఒకరి దుఃఖాన్ని ఇంకొకరి దుఃఖంతో పోల్చకూడదు, మరణించిన విధానాన్ని వర్ణించకూడదు. తర్వాత ఒక్కొక్కరూ తమ పేరు, పోయినవారి పేరు చెబుతారు. చెప్పలేనివారు తల ఊపితే పక్కవారి వంతు వస్తుంది. కొత్తగా వచ్చినవారు మొదటి రెండు మూడు సార్లు నోరు విప్పకపోయినా ఎవరూ ఏమీ అనరు. వారికి అక్కడ దొరికేది చాలా చిన్నదిగా కనిపిస్తుంది: పదేళ్ల కిందట ఇదే కుర్చీలో ఏడ్చిన ఒకావిడ ఇవాళ నవ్వుతూ టీ అందిస్తుంది. బతకొచ్చన్నమాట అని ఆ క్షణంలో అర్థమవుతుంది. ఏ డాక్టరు చెప్పినా అంతగా నమ్మబుద్ధి కాదు.

పోయినవారి పేరు పలకడం అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. బయట ఆ పేరు ఎత్తితే అందరూ ఇబ్బంది పడతారు. గదిలో మాత్రం వాడు ఎలా పాడేవాడో, ఏ కూర ఇష్టమో, ఏ సినిమా ఎన్నిసార్లు చూశాడో చెప్పుకోవచ్చు. ఒక మనిషి జీవితమంతా అతని చివరి రోజుకే కుంచించుకుపోవడాన్ని ఇది ఆపుతుంది. పోయినవారితో బంధం తెగిపోనక్కర లేదని, అది రూపం మార్చుకుని కొనసాగవచ్చన్నది శోకశాస్త్రంలో 1996 నుంచి బలపడిన ఆలోచన. ఏటా తద్దినం పెట్టి పేరూ గోత్రమూ చెప్పి పిండం పెట్టే సమాజానికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు.

వెతుక్కుంటూ వెళ్లే సాయం

బృందాలకు ఒక లోపం ఉంది. సాయం కావాలని అడిగి వచ్చినవారికే అవి అందుతాయి. కుంగిపోయిన మనిషి తలుపు తీసి బయటికి రాలేడు. అమెరికాలోని లూసియానా రాష్ట్రం బేటన్ రూజ్ నగరంలో ఫ్రాంక్ క్యాంప్‌బెల్ ఈ లోపాన్ని గమనించి 1990ల చివర్లో కొత్త పద్ధతి పెట్టారు. ఆత్మహత్య జరిగిన చోటుకే, పోలీసులు ఉండగానే, సిబ్బందితో పాటు ఇదే దుఃఖం దాటిన స్వచ్ఛంద కార్యకర్తలు కూడా వెళ్తారు. నేనూ ఇలాగే మావాణ్ని పోగొట్టుకున్నాను అని ఒక్క మాట చెప్పి, కాసేపు కూర్చుని, సహాయ కేంద్రాల వివరాలున్న కాగితం చేతిలో పెట్టి వస్తారు. అంతే. అంతకు ముందు బాధితులు సాయం కోరి రావడానికి ఏళ్లు పట్టేది. ఈ పద్ధతి వచ్చాక వారాల్లోనే రావడం మొదలైంది.

ఆస్ట్రేలియాలో 2002లో క్వీన్స్‌లాండ్ సన్‌షైన్ కోస్ట్‌లో స్టాండ్‌బై సేవ ఇదే దారిలో మొదలై దేశమంతా విస్తరించింది. జపాన్‌లో మరో రకంగా జరిగింది. అక్కడ తండ్రినో తల్లినో పోగొట్టుకున్న పిల్లలకు చదువు సాయం చేసే అషినగా సంస్థలోని విద్యార్థులు, తమ తండ్రులు ఆత్మహత్యతో మరణించారన్న మాట బయటికి చెప్పలేని బాధ గురించి 2000లో ఒక చిన్న పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత కొందరు ముఖం దాచుకోకుండా ప్రజల ముందుకొచ్చి మాట్లాడారు. స్వచ్ఛంద సంస్థలు, పార్లమెంటు సభ్యులు కలిసి పనిచేయగా 2006లో ఆత్మహత్యల నివారణ మౌలిక చట్టం వచ్చింది. మరణించినవారి కుటుంబాలను ఆదుకోవడం ఆ చట్టం చెప్పిన బాధ్యతల్లో ఒకటి. కాలేజీ వయసు పిల్లలు నోరు విప్పడం వల్ల ఒక దేశం చట్టం చేసిందన్నది మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం.

భారతదేశంలో

చెన్నైలో మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహ సంస్థను స్థాపించారు. ఆత్మహత్య ఆలోచనలున్నవారి మాట వినడంతో పాటు, మిగిలిన కుటుంబాలకు తోడుగా నిలవడం కూడా అది పనిగా పెట్టుకుంది. మదురైకి చెందిన రచయిత్రి నందిని మురళి 2017లో భర్తను కోల్పోయాక, ఎం.ఎస్. చెల్లముత్తు ట్రస్టుతో కలిసి స్పీక్ అనే కార్యక్రమం నడిపారు. 2021లో తన అనుభవాన్ని, తోటివారి అనుభవాలను పుస్తకంగా తెచ్చారు. భర్త వైద్యుడు, ఇల్లు చదువుకున్నది. అయినా ఎదురైనవి అవే గుసగుసలు. కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో మొదటిసారిగా జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహాన్ని ప్రకటించి, 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. అదే ఏడాది అక్టోబరు 10న టెలీ మానస్ ఫోన్ సేవ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. హైదరాబాద్‌లో రోష్ని సంస్థ 1990ల చివరి నుంచి ఇలాంటి ఫోన్ సేవ అందిస్తోంది.

ఫోన్ సేవలు ఎక్కువగా ఆపద క్షణంలో ఉన్నవారి కోసం. మిగిలినవారు నెల తర్వాత నెల వచ్చి కూర్చునే గది మన దేశంలో మహానగరాలు దాటితే దాదాపు లేదు.

తెలుగు నేల మీద

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ దుఃఖానికి ఎక్కువగా కనిపించే ముఖం రైతు కుటుంబానిది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2004లో 421 నంబరు జీవో ద్వారా ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో దాన్ని ఆరు లక్షలకు పెంచింది. డబ్బు అవసరమే. కానీ అది చేతికి రావడానికి ముందు ఆ భార్య దాటవలసినవి చూడాలి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం నివేదిక, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు అప్పు కాగితాలు, ప్రైవేటు అప్పుల ప్రామిసరీ నోట్లు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆమె మండలాఫీసుకు తిరుగుతుంది. ఆర్డీవో స్థాయి కమిటీ వచ్చి, చనిపోయింది వ్యవసాయ అప్పుల వల్లేనా, తాగుడు వల్లా, ఇంటి గొడవల వల్లా అని విచారిస్తుంది. భర్త ఎందుకు చనిపోయాడన్న ప్రశ్న తనను తానే నిద్రపోనివ్వకుండా అడుగుతున్న మనిషిని, అదే ప్రశ్నకు సాక్ష్యాలతో జవాబు చెప్పమనడం ఇది. కౌలు రైతు భార్యకైతే భూమి కాగితమే ఉండదు. ఊళ్లో అప్పులవాళ్లు మాత్రం ఏ కాగితమూ అడగకుండా వాకిట్లో నిలబడతారు.

దీంతో పోలిస్తే తెలంగాణలో 2018లో వచ్చిన రైతు బీమా మెరుగైన దారి చూపింది. పట్టాదారు రైతు ఏ కారణంతో మరణించినా నామినీకి అయిదు లక్షలు అందుతాయి. కారణం నిరూపించనక్కర లేదు. కౌలు రైతులకు అది వర్తించకపోవడం పెద్ద లోటు. రైతు స్వరాజ్య వేదిక వంటి సంఘాలు ఈ కుటుంబాలను వెతుక్కుంటూ వెళ్లి, కాగితాలు సమకూర్చి, అవసరమైతే కోర్టు దాకా నడిపించాయి. వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర ఫోన్ సేవ అప్పు, పంట, పింఛను సమస్యల దగ్గర నుంచి మనసు బాధ దాకా ఒకే చోట వినే ప్రయత్నం చేసింది. మహిళా రైతుల సంఘాలు ఒంటరి స్త్రీలను ఒకచోట కూర్చోబెట్టినప్పుడు మొదట అప్పుల గురించి మాట్లాడుకుంటారు, పిల్లల ఫీజుల గురించి మాట్లాడుకుంటారు, చివరికి భర్త గురించి మాట్లాడుకుంటారు. మన పల్లెల్లో శోక బృందం అంటే ఇదే రూపంలో సాధ్యం. కౌన్సెలింగ్ అని బోర్డు పెడితే ఎవరూ రారు. పొదుపు సంఘం సమావేశమంటే వస్తారు.

మరో ముఖం విద్యార్థులది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల గందరగోళం తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు మరణించారు. చర్చంతా మార్కుల తప్పుల చుట్టూ, బాధ్యుల చుట్టూ నడిచింది. అది నడవవలసిందే. ఆ పిల్లల తరగతి గదుల్లో మిగిలిన బెంచీ స్నేహితుల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. కాలేజీలో ఇలాంటి మరణం జరిగినప్పుడు దాచిపెట్టి తెల్లారేసరికి హాస్టల్ ఖాళీ చేయించడం మన దగ్గర అలవాటు. చేయవలసినది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పిల్లలకు వార్త నిజాయితీగా, వివరాలు లేకుండా చెప్పాలి. దగ్గరి స్నేహితులను గుర్తించి విడిగా మాట్లాడాలి. కొన్ని వారాల పాటు గమనిస్తూ ఉండాలి. ఒక మరణం వెంట మరొకటి జరగకుండా చూడటానికి ఇదే దారి.

అమెరికాలో చదువుకుంటూ మరణించిన తెలుగు పిల్లల విషయంలో తానా టీమ్ స్క్వేర్ వంటి స్వచ్ఛంద బృందాలు మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికి విరాళాలు, కాగితాల పని భుజాన వేసుకుంటున్నాయి. అది చిన్న సాయం కాదు. పెట్టె ఊరు చేరాక, బిడ్డ చివరి నెలలు ఎలా గడిచాయో కూడా తెలియని తల్లిదండ్రులకు అక్కడి స్నేహితుల ఫోన్ ఒకటి ఆరు నెలల తర్వాత వస్తే దాని విలువ వేరు.

పిల్లలు

ఇంట్లో చిన్నపిల్లలుంటే నాన్న ఊరెళ్లాడని, దేవుడు తీసుకెళ్లాడని చెప్పడం సహజం. కానీ బడిలో ఎవరో ఒకరు నిజం చెప్పేస్తారు, అప్పుడు ఇంట్లోవాళ్ల మీద నమ్మకం పోతుంది. వయసుకు తగిన మాటల్లో నిజం చెప్పాలన్నదే నిపుణుల మాట. పిల్లల మనసులో ఉండే ప్రశ్నలు మూడు: నా వల్లనా? అమ్మ కూడా వెళ్లిపోతుందా? నన్నెవరు చూసుకుంటారు? వాళ్లు అడగకపోయినా వీటికి జవాబు చెప్పాలి.

ఎంతవరకు పనిచేస్తుంది

ఈ తోడ్పాటు గురించి పరిశోధనల ఆధారాలు ఇంకా బలంగా లేవు. నెదర్లాండ్స్‌లో మేరికె డి గ్రూట్ బృందం కుటుంబాలకు నర్సుల ద్వారా ఇంటి దగ్గర కౌన్సెలింగ్ ఇప్పించి 2007లో ఫలితాలు ప్రచురించింది. తీవ్ర శోకం మొత్తంగా తగ్గలేదు. తామే కారణమన్న నింద మాత్రం తగ్గే సూచనలు కనిపించాయి. 2019లో కార్ల్ ఆండ్రిస్సెన్ బృందం అప్పటిదాకా జరిగిన నియంత్రిత అధ్యయనాలను సమీక్షించి, ఏ ఒక్క పద్ధతినీ ఖాయంగా సిఫారసు చేసేంత సాక్ష్యం లేదని తేల్చింది. బృందాలకు వెళ్లినవారు మాత్రం తమకు మేలు జరిగిందని దాదాపు ఎప్పుడూ చెబుతారు. రెండూ నిజాలే. ఆ గది అందరికీ సరిపడదు. మొదటి వారాల్లోనే వెళ్లి ఇతరుల కథలు విని మరింత కుంగిపోయేవారు ఉంటారు. నిద్ర, తిండి పూర్తిగా పోయినా, చావు ఆలోచనలు వస్తున్నా బృందం చాలదు, డాక్టరు కావాలి.

ఫైగెల్‌మన్ పరిశోధనలో తేలిన ఒక విషయం మాత్రం అందరికీ వర్తిస్తుంది. చుట్టుపక్కలవారి నుంచి నిందలు, ముఖం తిప్పుకోవడం, మౌనం ఎక్కువగా ఎదురైన తల్లిదండ్రులకు శోకం ఎక్కువ బరువుగా ఉంది. మంచి చేసే పద్ధతి ఏదో తేలేదాకా ఆగవచ్చు. చెడు చేసేది ఏదో ఇప్పటికే తెలుసు.

ఇరుగుపొరుగు చేయగలిగినది

తెలుగు ఇళ్లలో చావు జరిగితే పరామర్శకు వెళ్లడం, పొయ్యి వెలిగించని ఇంటికి అన్నం, కూర వండి పంపడం, కర్మ అయ్యేదాకా రాత్రుళ్లు తోడు పడుకోవడం అనాదిగా ఉన్నదే. ఆత్మహత్య జరిగిన ఇంటికి ఇదే మర్యాద పూర్తిగా దక్కాలి. కారణం అడగకండి. వాళ్లకే తెలియదు. మీ కంటే కష్టాలు పడ్డవాళ్లు బతకడం లేదా, పిల్లల కోసమైనా ధైర్యంగా ఉండాలి వంటి మాటలు వద్దు. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఆ మాటే చెప్పి కూర్చోండి. పోయినవారిని పేరుతో తలుచుకోండి.

పనులు చేసిపెట్టండి. మరణ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా, వితంతు పింఛను దరఖాస్తు, పిల్లల బడి ఫీజు. జీవిత బీమా రాదని చాలామంది వదిలేసుకుంటారు. సాధారణంగా పాలసీ తీసుకున్న 12 నెలల తర్వాత జరిగిన మరణానికి బీమా సొమ్ము పూర్తిగా వస్తుంది. ఆ కాగితం చూసి క్లెయిము పెట్టించడం వంద ఓదార్పు మాటల పెట్టు.

జనం మొదటి పదకొండు రోజులు నిండుగా ఉంటారు. పన్నెండో రోజున ఇల్లు ఖాళీ అవుతుంది. పండుగ, పుట్టినరోజు, పరీక్షల ఫలితాల రోజు, సంవత్సరీకం దగ్గరపడే వారం గడ్డుగా గడుస్తాయి. మీ క్యాలెండర్‌లో ఆ తేదీలు రాసి పెట్టుకోండి, ఆ రోజు ఫోన్ చేయండి లేదా వెళ్లి రండి. వారి మాటల్లో చావు ఆలోచన కనిపిస్తే సూటిగా అడగండి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి, దగ్గరలోని మానసిక వైద్యుడి దగ్గరకు మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు. ఆ నంబరు ఆపదలో ఉన్నవారికే కాదు, వారిని పోగొట్టుకున్నవారికి కూడా. ఈ వ్యాసం చదువుతున్నవారిలో అలా పోగొట్టుకున్నవారుంటే, మీరూ ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.